తాతగారి మండువా ఇల్లు బాగు చేయించాలి: వంటిల్లు, బాత్రూమ్, మండువా పైకప్పు గురించి సలహాలు కావాలి

లోగిలి_మనవడు:

అందరికీ నమస్కారం. మాది కోనసీమలో రావులపాలెం దగ్గర ఒక ఊరు. తాతగారు కట్టించిన మండువా లోగిలి. నాలుగు వైపులా పెంకుల కప్పు, మధ్యలో పైన కప్పు లేకుండా ఆకాశానికి తెరిచి ఉండే మండువా, ముందు అరుగులు, సావిడి, వెనక విడిగా వంటిల్లు, పెరట్లో నుయ్యి, దొడ్డి చివర బాత్రూమ్. నేను హైదరాబాద్‌లో ఉంటాను, అమ్మానాన్న అక్కడే ఉంటారు. పోయినేడు అమ్మకి మోకాలు ఆపరేషన్ అయింది. రాత్రిళ్ళు టార్చిలైటు పట్టుకుని దొడ్డి చివరిదాకా నడవడం ఇక ఆవిడ వల్ల కాదు, అందుకే ఈ వేసవిలో ఏదో ఒకటి తేల్చేయాలని అనుకుంటున్నాం.

చేతిలో పదిహేను లక్షలు ఉన్నాయి, లాగితే పద్దెనిమిది. సమస్య డబ్బు కంటే ఎక్కువగా అభిప్రాయాలది. మా ఆవిడకి మాడ్యులర్ కిచెన్ కావాలి, ఫోన్‌లో తెల్ల రంగు వంటిళ్ళ ఫోటోలు వందో రెండొందలో దాచుకుంది. మా బావ, మండువా మీద పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ రేకు వేసేసి కింద సోఫాలు వేస్తే పెద్ద హాలు అయిపోతుంది కదా అంటాడు. చెల్లెలు పడకగదికి ఏసీ, ఫాల్స్ సీలింగ్ అంటుంది. నాన్నగారేమో ఇంట్లోపల మరుగుదొడ్డి ఏంట్రా అని మొహం చిట్లిస్తారు. కాంట్రాక్టర్ వచ్చి ఐదు నిమిషాలు చూసి, ఇది పడగొట్టి స్లాబ్ వేసుకోండి సార్, పాత టేకు నేనే కొనుక్కుంటా అన్నాడు. ఆ ఆఖరి మాట విన్నాక ఆయన మీద నమ్మకం పోయింది.

గోడలు సున్నంతో కట్టినవి, మందం అడుగున్నర పైనే. కింద రెండు మూడు అడుగుల దాకా చెమ్మ, పెచ్చులు ఊడుతున్నాయి. కొన్నేళ్ళ కిందట వాటి మీద సిమెంటు పూత వేయించారు, ఇప్పుడు ఆ పైన కూడా ఉబ్బుతోంది. అక్కడ టైల్స్ అంటించేస్తే కనపడదని ఒక మేస్త్రీ సలహా. గదులు చీకటిగా ఉంటాయి, పగలు కూడా లైటు వేయాలి. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి. పడగొట్టమని మాత్రం చెప్పకండి దయచేసి.

సైట్_ఇంజనీర్_కాకినాడ:

పడగొట్టమని చెప్పను గానీ, టైల్స్, కిచెన్, సీలింగ్ ఫోటోలు ఓ రెండు నెలలు పక్కన పెట్టమని మాత్రం చెబుతాను. మీ ఇంటికి ముందు కావాల్సింది డిజైన్ కాదు, నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో కనిపెట్టడం.

డెల్టాలో భూగర్భ జలం చాలా పైనే ఉంటుంది, కాలువలు పారే రోజుల్లో మరీ పైకి వస్తుంది. పాత ఇళ్ళ పునాదికి, గోడకి మధ్య చెమ్మని ఆపే పొర వేసే అలవాటు లేదు, కాబట్టి నేలలో తడి గోడలోకి ఎక్కుతుంది. సున్నం గోడ అయితే ఆ తడి ఎక్కినా ఎప్పటికప్పుడు బయటికి ఆరిపోతుంది, అందుకే మీ తాతగారి కాలంలో ఏడాదికోసారి వెల్ల వేస్తే సరిపోయేది. సిమెంటు పూత వేశాక తడి బయటికి వచ్చే దారి మూసుకుపోయింది. దారి లేక ఇంకా పైకి పాకుతుంది, ఉప్పు పేరుకుంటుంది, మీరు చెప్పిన ఉబ్బు అదే. ఇప్పుడు దాని మీద టైల్స్ అంటిస్తే చెమ్మ టైల్ అంచు దాటి ఇంకో రెండడుగులు ఎక్కుతుంది, ఐదేళ్ళకి ఆ టైల్స్ కూడా ఊడతాయి. ఆ మేస్త్రీ చెప్పింది నిజమే, కనపడదు, కొన్నాళ్ళు.

సిమెంటు పూత మొత్తం చెక్కించేయండి, ఉబ్బిన చోటే కాదు, దాని పైన ఇంకో అడుగున్నర కూడా. ఇటుకల సందుల్లో పొడిపొడిగా ఉన్న సున్నాన్ని గీకించి, అలాగే ఎండాకాలం అంతా ఆరనివ్వండి. తర్వాత మళ్ళీ సున్నం, ఇసుకతోనే పూత. గానుగ సున్నం అంటే కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు కలిపి రుబ్బేవాళ్ళని పెద్దవాళ్ళు చెబుతారు కదా, అది కట్టుకథ కాదు, ఇప్పటికీ పాత గుళ్ళ మరమ్మతులు చేసే మేస్త్రీలు అలాగే చేస్తారు. ఆ పూత మీద ప్లాస్టిక్ ఎమల్షన్, పుట్టీ వద్దు. సున్నమే కొట్టించాలి, రంగు కావాలంటే అందులోనే పొడి రంగు కలుపుకోవచ్చు.

రెండోది బయట చూడండి. పల్లెల్లో సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా పైనే వేస్తారు, అలా ఏళ్ళు గడిచేసరికి ఇల్లు రోడ్డు కంటే పల్లం అయిపోతుంది. వాన నీళ్ళు వాకిట్లో నిలబడుతుంటే లోపల ఎన్ని పూతలు వేసినా దండగే. ఇంటి చుట్టూ గోడ పక్కన నేలని వాలుగా చేసి, నీళ్ళు కాలువలోకి పోయేలా చూసుకోండి. మండువాలో పడే నీళ్ళు బయటికి పోయే తూము ఉంటుంది, అది ఎక్కడ తేలుతుందో వెతకండి. చాలా ఇళ్ళలో ఆ తూము నోటి మీద ఎవరో ఒకరు గట్టు కట్టేసి ఉంటారు.

మూడోది చెక్క. స్తంభాలు బాగానే ఉన్నట్టు కనపడతాయి, టేకు కాబట్టి. దూలాలు, వాసాలు గోడలోకి దిగే చోట స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. లోపల మెత్తగా దిగితే ఆ చివర పుచ్చిపోయినట్టే. అంతమాత్రాన దూలం మొత్తం మార్చనక్కర్లేదు, పుచ్చిన మేర కోసేసి కొత్త ముక్క అతికి రెండు పక్కలా ఇనప పట్టీలు బోల్టులతో బిగిస్తారు, అనుభవం ఉన్న వడ్రంగి చేతిలో అది గట్టిగా ఉంటుంది. చెదలు ఉంటే గోడ, నేల కలిసే చోట అడుగుకొకటి చొప్పున రంధ్రాలు చేసి మందు ఎక్కించాలి. కట్టిన ఇళ్ళకి చెదల మందు ఎలా వేయాలో భారత ప్రమాణం ఐఎస్ 6313 మూడో భాగంలో ఉంది, మందు వేసేవాడిని ఆ ప్రకారమే చేయమని అడగండి. గోడ మీద పిచికారీ చేసి డబ్బులు పట్టుకెళ్ళే వాళ్ళే ఎక్కువ.

ఇక మీ బావగారి ఆలోచన. మండువా అందానికి వదిలిన ఖాళీ కాదండి. గదుల్లో వేడెక్కిన గాలి పైకి లేచి అక్కడి నుంచే బయటికి పోతుంది, ఆ జాగాలోకి కిటికీల నుంచి, చూరు కింద నుంచి కొత్త గాలి వస్తుంది. దాని మీద రేకు మూసేస్తే ఇల్లు మూత పెట్టిన కుక్కరే. మే నెలలో ఆ సోఫాల్లో మీ బావగారిని కూర్చోబెట్టి చూడాలి. వాన జల్లు, కోతులు, దొంగలు ఇవే బాధ అనుకుంటే, మండువా చూరు కంటే అడుగున్నర రెండడుగుల ఎత్తులో చిన్న ఇనప ఫ్రేము మీద రేకు వేసి, నాలుగు పక్కలా ఆ ఖాళీకి జాలీ బిగించండి. గాలి ఆడుతుంది, వాన పడదు. పైగా రెండు కప్పులు కలిసే మూలల్లో ఉండే రేకు కాలువలు శుభ్రం చేసుకోవడానికి మనిషి చెయ్యి పట్టాలి. ఆ మూలలు పూడిపోతే నీళ్ళన్నీ దూలాల మీదకే.

స్లాబ్_బాబాయ్:

అందరూ పాత ఇళ్ళ మీద ప్రేమ కురిపిస్తారు, అందులో ఉండేది మాత్రం అరవై దాటిన అమ్మానాన్నలు. తమ్ముడూ, నీకు కోపం వచ్చినా సరే ఒక మాట చెబుతా. పెంకుటిల్లు అంటే ప్రతి ఏడూ వానలకి ముందు పెంకులు తిరగేయించాలి. ఆ పని తెలిసిన కూలీలు ఇప్పుడు మా ఊళ్ళో ఇద్దరే ఉన్నారు, వాళ్ళకీ వయసైపోయింది. 96 నవంబరు తుఫాను రాత్రి మా పెంకులు ఎగిరి ఎవరి పొలంలో పడ్డాయో కూడా తెలియలేదు, ఆ రాత్రంతా మేం పక్కవాళ్ళ స్లాబ్ ఇంట్లో తలదాచుకున్నాం. పదిహేను లక్షలు పెట్టి పాతదాన్ని నిలబెట్టే కంటే, అదే డబ్బుతో పక్కన ఖాళీ జాగాలో రెండు గదులు, ఒక బాత్రూమ్ స్లాబ్ కింద వేసుకో. లోగిలి మీ ఫోటోలకి, పండగలకి ఉంటుంది.

లోగిలి_మనవడు:

బాబాయ్ గారూ, కోపం ఏమీ లేదండి. పక్కన ఖాళీ జాగా ఉంటే నేనూ అదే ఆలోచించేవాడిని, మాకున్నది వెనక పెరడే, అందులో నుయ్యి, కొబ్బరిచెట్లు. నాన్నగారు చెట్టు మీద చెయ్యి వేయనివ్వరు. కానీ తుఫానుకి ఒక గట్టి గది ఉండాలన్న మాట మాత్రం నాకు నచ్చింది. బాత్రూమ్‌ని, దాని పక్కన చిన్న గదిని స్లాబ్ కింద కట్టి వెనక వసారాకి కలిపితే ఎలా ఉంటుంది?

అమలాపురం_కోడలు:

అది మంచి ఆలోచన. నేను వంటిల్లు గురించే చెబుతాను, ఎందుకంటే మీ ఆవిడ దాచుకున్న వంటిళ్ళ ఫోటోల సంగతి వింటుంటే నాకు భయంగా ఉంది.

మీరు హైదరాబాద్‌లో చూసే మాడ్యులర్ కిచెన్లు మన వైపు తేమకి నిలబడవు. మా బంధువుల ఇంట్లో నాలుగున్నర లక్షలు పెట్టి వేయించారు, లోపల పెట్టెలన్నీ పార్టికల్ బోర్డు, రెండు వానాకాలాలు తిరిగేసరికి సింకు కింద అడుగు భాగం బిస్కెట్‌లా ఉబ్బి రాలిపోయింది, వేయించిన కంపెనీ వాళ్ళు ఫోన్ ఎత్తడం మానేశారు. మన దగ్గర పద్ధతి ఏంటంటే లోపలి అరలు ఇటుక గోడలు, కడప బండలతో కట్టించుకోండి, దానికి బయట తలుపులు మాత్రం ప్లైవుడ్‌వో అల్యూమినియం ఫ్రేమువో పెట్టించండి. బయటికి చూడడానికి అచ్చం మాడ్యులర్‌లాగే ఉంటుంది, చెద పట్టదు, నీళ్ళు పోసి కడుక్కోవచ్చు. ప్లైవుడ్ అయితే షీటు మీద నీళ్ళకి తట్టుకునే రకమని చెప్పే ఐఎస్ 710 ముద్ర ఉందో లేదో చూసి తీసుకోండి, ఐఎస్ 303 అని ఉన్నది పడకగది బీరువాలకి సరే గానీ సింకు దగ్గరకి వద్దు.

గట్టు మీదకి నల్ల గ్రానైట్ వేయించండి. మన చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ విదేశాలకి ఎగుమతి అవుతుంటే మనం తెల్ల క్వార్ట్జ్ వేసుకుని పసుపు మరకలు తోముకోవడం ఏంటో నాకర్థం కాదు. కడప బండ అరలకి బాగుంటుంది గానీ గట్టు పైకి వద్దు, అది సున్నపురాయి జాతి, చింతపండు, నిమ్మకాయ రసం పడితే మచ్చ పడిపోతుంది. అదే కారణానికి ఇంట్లో నాపరాళ్ళు, తాండూరు బండలు, బేతంచెర్ల బండలు ఏవి ఉన్నా పనమ్మాయి యాసిడ్ పోసి తోమకుండా చూసుకోండి.

గట్టు ఎత్తు అమ్మగారిని నిలబెట్టి కొలవండి, కాంట్రాక్టర్ చెప్పిన కొలత కాదు. మోచెయ్యి మడిచి నిలబడితే మోచేతికి నాలుగైదు అంగుళాలు కిందకి గట్టు ఉండాలి. మా అత్తగారు పొట్టిమనిషి, ముప్ఫై నాలుగు అంగుళాల గట్టు మీద స్టవ్ పెడితే ఆవిడకి గిన్నెలోకి చూపు అందేది కాదు. స్టవ్ ఉన్న భాగం మాత్రం రెండు మూడు అంగుళాలు దింపించుకోవచ్చు. అమ్మగారికి మోకాలు ఆపరేషన్ అంటున్నారు కాబట్టి కూరలు తరుక్కోవడానికి గట్టుకి ఒక చోట కింద అరలు లేకుండా ఖాళీ వదలండి, కుర్చీ వేసుకుని కాళ్ళు లోపలికి పెట్టుకుని కూర్చుంటారు.

ఇంకోటి ఎవరూ చెప్పరు. రెడీమేడ్ డ్రాయర్లలో మన సామాను పట్టదు. ఆవకాయ జాడీలు, ఇడ్లీ పాత్ర, బూరెల మూకుడు, పండగలకి తీసే గుండిగలు ఎక్కడ పెడతారు? కింద ఒక వరుస అరలు అడుగున్నర ఎత్తు వదిలి కట్టించండి. గ్రైండర్‌కి నేలకి అడుగున్నర ఎత్తులో చిన్న అరుగు, దాని పక్కనే 16 ఆంప్స్ ప్లగ్గు, కింద నీళ్ళు పోయే దారి ఇవ్వండి. అది మోసుకుంటూ తిరగక్కర్లేదు. అలాగే చేపలు కడగడానికి, పెద్ద గిన్నెలు తోమడానికి వెనక వసారాలో కప్పు కింద ఒక తొట్టి, ఒక సింగిల్ బర్నర్ గట్టు ఉంటే లోపలి వంటిల్లు ఎంత తెల్లగా కావాలంటే అంత తెల్లగా పెట్టుకోమనండి మీ ఆవిడని.

చిమ్నీ వేస్తే గొట్టం గోడలోంచి నేరుగా బయటికి పోవాలి, వంపులు ఎంత తక్కువైతే అంత మంచిది. బయటికి గొట్టం లేకుండా లోపలి గాలినే తిప్పి వదిలే రకాలు మన పోపుల ముందు ఎందుకూ పనికిరావు. పాత వంటింటికి పైన పొగ పోయే గూడు ఉంటే దాన్ని మూయించకండి, అక్కడే ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించుకోండి.

ఫిజియో_రాజమండ్రి:

మోకాళ్ళ ఆపరేషన్లు అయినవాళ్ళని రోజూ చూస్తాను కాబట్టి బాత్రూమ్ సంగతి నాకు వదిలేయండి.

గది కనీసం ఐదడుగులు బై ఏడడుగులు ఉండాలి, తలుపు మూడడుగుల వెడల్పు, బయటికి తెరుచుకునేలా. లోపలికి తెరుచుకునే తలుపు వెనక మనిషి పడిపోతే తలుపు తియ్యలేరు, ఇది ఎన్ని ఇళ్ళలో చెప్పినా వినరు. కమోడ్ సీటు పైభాగం నేల నుంచి పదిహేడు నుంచి పందొమ్మిది అంగుళాల ఎత్తు. మామూలు కమోడ్ పొట్టిగా ఉంటుంది, దాని మీద నుంచి లేవాలంటే మోకాలి మీదే భారం. పక్కన పట్టుకునే స్టీలు కడ్డీ ముప్ఫై మూడు అంగుళాల ఎత్తులో, స్నానం చేసే చోట ఇంకొకటి నిలువుగా. కడ్డీ విషయంలో ఒక జాగ్రత్త. పాత సున్నం గోడలో స్క్రూ బిగించడానికి దించే రాల్‌ప్లగ్గులు పట్టవు, మనిషి బరువు పడితే పూతతో సహా ఊడివస్తాయి. మీరు బాత్రూమ్ కొత్తగా కడుతున్నారు కాబట్టి ఆ గోడ మాత్రం సిమెంటు ఇటుకతో కట్టించి అక్కడే బిగించండి.

నేలకి మెరిసే టైల్స్ వద్దే వద్దు. గరుకుగా ఉండే మ్యాట్ టైల్స్ అడగండి, షాపులో ఆర్10, ఆర్11 అని కాలు జారకుండా ఎంత పట్టు ఉందో రేటింగ్ చెబుతారు, స్నానం చేసే చోటుకి ఆర్11 మంచిది. చిన్న టైల్స్ అయితే సందులు ఎక్కువ ఉండి కాలికి ఇంకా పట్టు ఉంటుంది. నీళ్ళు ఆపడానికి గడప కట్టకుండా, నేల వాలు నీళ్ళు పోయే జాలీ వైపు ఉండేలా చూసుకోండి. టైల్స్ వేసే ముందు వాటర్‌ప్రూఫింగ్ పూత గోడ మీద అడుగు దాకా పాకించి, నీళ్ళు నింపి ఒక రోజంతా నిలబెట్టి చూడాలి. మేస్త్రీకి తొందర ఎక్కువ, మీరు ఆ రోజు అక్కడ ఉండండి.

మండువా ఇళ్ళలో నాకు అన్నిటికంటే భయం గడపలు. ఆరంగుళాల టేకు గడప, దానికి పసుపు, బొట్లు, ఎవరూ కోయనివ్వరు, కోయించమని నేనూ చెప్పను. ర్యాంప్ వేయాలంటే ఒకటికి పన్నెండు వాలు లెక్కన ఆరడుగులు పోవాలి, గదుల మధ్య అంత జాగా ఉండదు. దానికి బదులు గడపకి రెండు పక్కలా మూడంగుళాల ఎత్తు చెక్క మెట్టు, అడుగు వెడల్పుతో కదలకుండా బిగించి, గుమ్మం పక్కన నిలువు కడ్డీ పెట్టండి. అమ్మగారి మంచం నుంచి బాత్రూమ్ దాకా దారిలో నేలకి దగ్గరగా చిన్న లైట్లు, మనిషి కదిలితే వెలిగేవి. ఇవన్నీ కలిపినా మీ ఆవిడ చిమ్నీ ఖరీదు కూడా కాదు.

నాన్నగారికి ఇంట్లోపల అన్న పట్టింపు ఉంటే, వెనక వసారా చివర కట్టి మధ్యలో మూడు నాలుగు అడుగుల కప్పున్న నడవ వదలండి. అప్పుడది బయట ఉన్నట్టే లెక్క, అమ్మగారు వానలో తడవరు.

సైట్_ఇంజనీర్_కాకినాడ:

పైన చెప్పినదానికి ఒకటి కలుపుతాను, నుయ్యి ఉందన్నారు కాబట్టి. సెప్టిక్ ట్యాంకు నీళ్ళు ఇంకే గుంట నూతికి అరవై అడుగుల దూరం ఉండేలా చూడండి. మన నేలలో నీళ్ళు పైనే ఉంటాయి, దగ్గర్లో గుంట తీస్తే ఆ నీళ్ళే నూతిలోకి వస్తాయి. వాస్తు పండితుడు ఆ గుంట వాయవ్యంలో ఉండాలంటే ముందు టేపు పట్టుకుని కొలవండి, నుయ్యి ఈశాన్యంలో ఉంటే మామూలుగా ఇద్దరి మాటా ఒకటే అవుతుంది. కాకపోతే టేపు మాటే వినండి.

కొత్త స్లాబ్ గదికి, పాత గోడకి మధ్య ఒక అంగుళం ఖాళీ వదలాలి, రెండిటినీ కలిపి కట్టేయకూడదు. కొత్త పునాది కుదురుకునేటప్పుడు పాత గోడని లాగి పగులు తెస్తుంది. ఆ ఖాళీ మీద రేకు పట్టీ వేస్తే చాలు.

చెన్నై_ఆర్కిటెక్ట్_తెలుగమ్మాయి:

తమిళనాడులో చెట్టినాడు వైపు పాత ఇళ్ళ పనులు చేస్తుంటాను. మీ ఇంటికి, అక్కడి ఇళ్ళకి ప్లాను చాలా దగ్గరగా ఉంటుంది, కాబట్టి చీకటి, నేల, ఏసీ గురించి చెబుతాను.

చీకటికి లైట్లు పెంచడం కాదు, గదికి రెండు మూడు చోట్ల గాజు పెంకులు పెట్టించండి. మామూలు మంగళూరు పెంకు ఆకారంలోనే గాజుతో చేసినవి దొరుకుతాయి, మన వైపు బెంగుళూరు పెంకులు అంటారే, అవే. 1865లో బాసెల్ మిషన్ వాళ్ళు మంగళూరులో ఫ్యాక్టరీ పెట్టినప్పటి నుంచి ఆ నమూనా పెద్దగా మారలేదు, అందుకే పాత కప్పులో కొత్త పెంకు చాలావరకు సరిపోతుంది. అయినా ఒక పాత పెంకు చేత్తో పట్టుకెళ్ళి సరిచూసి కొనండి. మీవి గూన పెంకులైతే ఈ గాజు పెంకులు అతకవు. పడమటి వాలు మీద మాత్రం పెట్టకండి, సాయంత్రం ఎండ నేరుగా మొహం మీద పడుతుంది. ఉత్తరం వాలు మంచిది.

నేలకి మీ దగ్గర పాత గచ్చు ఏ గదిలో అయినా పగుళ్ళు లేకుండా ఉంటే దాన్ని తవ్వించొద్దు, పాలిష్ చేయించి వదిలేయండి. పాడైన గదుల్లో ఎర్ర ఆక్సైడ్ ఫ్లోరింగ్ గానీ ఆత్తంగుడి టైల్స్ గానీ బాగా అతుకుతాయి. ఆత్తంగుడివి కాల్చిన టైల్స్ కాదు, గాజు పలక మీద రంగు సిమెంటు పోసి చేత్తో చేసి నీళ్ళల్లో నానబెట్టినవి, తిరిగేకొద్దీ నునుపు వస్తాయి. తడి ఎక్కువుండే చోట, మీ చెమ్మ గోడల పక్కన ఇప్పుడే వేయించకండి, గోడలు ఆరాక వేయించండి. సావిడిలో ఒక్క చోటే పూల డిజైన్ పెట్టి మిగతా అంతా ఒకే రంగు వాడితే కళ్ళకి హాయిగా ఉంటుంది. ఫోన్లో చూసే స్కాండినేవియన్ స్టైల్ వాళ్ళ చలిదేశంలో వెలుతురు చాలదని వచ్చింది, తెల్ల గోడ మనకి పాత సున్నం నుంచే వస్తుంది, దానికి పేరు మార్చి డబ్బులు కట్టక్కర్లేదు.

ఏసీ ఒక్క గదికే పెట్టుకోండి, అదీ వీలైతే ఆ కొత్త స్లాబ్ గదికి. పెంకుల కింద ఏసీ పెడితే చల్లగాలి సందుల్లోంచి పోతుంది, కాబట్టి సీలింగ్ తప్పదు. జిప్సమ్ సీలింగ్ వేస్తే పైన ఒక పెంకు జరిగినా పసుపు మరక, తర్వాత విరిగి కింద పడటం. చెక్క పలకలు గానీ కాల్షియం సిలికేట్ బోర్డులు గానీ వేసి, పైకి ఎక్కి చూడడానికి ఒక చోట తలుపు వదలండి. వైరింగ్ పాత చెక్క బద్దీల మీదదైతే మొత్తం తీసేయండి. ఏసీకి, గీజర్‌కి విడివిడిగా 4 ఎస్‌క్యూఎమ్ఎమ్ వైరు, మెయిన్ దగ్గర కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగ్. చెమ్మ గోడల ఇంట్లో ఆర్‌సీసీబీ లేకుండా గీజర్ పెట్టడం నాకు తెలిసి అన్నిటికంటే ప్రమాదకరమైన పని, ఇక్కడ పొదుపు చేయొద్దు.

స్లాబ్_బాబాయ్:

సరే, ఇంతమంది ఇన్ని చెప్పాక నేను ఒక మెట్టు దిగుతా. కానీ పెంకులు ఆనే అడ్డ బద్దీలు, అదే రీపర్లు, పాతవైపోతే వాటిని మార్చినప్పుడు చూరు దగ్గర వరుస పెంకుల్ని తీగతో రీపర్‌కి కట్టించు. గాలి ముందు పట్టి లేపేది చూరునే. మా ఇంటికి కట్టించలేదు.

లోగిలి_మనవడు:

అందరికీ చాలా థాంక్సండి, ఇంత వివరంగా చెబుతారనుకోలేదు. మా ఆవిడకి ఈ పేజీ మొత్తం చదివి వినిపించాను. కడప బండల అరలకి ఒప్పుకుంది, తెల్ల తలుపులకి మాత్రం ఒప్పుకోవాలట, సరే అన్నాను. బావకి మండువా సంగతి ఇంకా చెప్పలేదు.

ఇప్పుడు అనుకుంటున్న వరుస: మార్చిలో సిమెంటు పూత చెక్కించడం, తూము వెతకడం, వెనక బాత్రూమ్, స్లాబ్ గది మొదలుపెట్టడం. అవి జరుగుతుండగా గోడలు ఆరుతాయి. మేలో పెంకులు దింపి దూలాలు, వాసాలు, రీపర్లు చూడటం, జూన్ లోపల కప్పు మూసేయడం. వంటిల్లు దసరా తర్వాతే. డబ్బు మిగిలితే సావిడి నేల, లేకపోతే వచ్చే ఏడు. ఇందులో ఏమైనా తేడా ఉందా? సున్నం పూత వేసే మేస్త్రీ మా వైపు ఎక్కడ దొరుకుతాడో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

సైట్_ఇంజనీర్_కాకినాడ:

వరుస బాగుంది, ఒక్క మార్పు. దూలాల చివరలు మేలో కాదు, ఇప్పుడే చూడండి. పుచ్చినవి ఎన్నో తెలిస్తేనే పాత టేకు ఎంత కొనాలో తెలుస్తుంది, మే వచ్చాక పెంకులు దింపి కూర్చుంటే వడ్రంగి అడిగిందే రేటు. పాత ఇళ్ళు పడగొట్టిన చోట అమ్మే టేకు ఈ పనికి కొత్తదానికంటే మంచిది, బాగా ఆరి ఉంటుంది.

సున్నం మేస్త్రీల కోసం మీ చుట్టుపక్కల పాత గుడి ఏదైనా బాగు చేస్తున్నారేమో ఆలయ కమిటీ వాళ్ళని అడగండి. ద్రాక్షారామం, సామర్లకోట లాంటి పాత గుళ్ళున్న ఊళ్ళలో కూడా వాకబు చేయండి. ముందు వంటింటి వెనక గోడ ఒక్కటి ఇచ్చి చేయించి, ఓ నెల చూసి మిగతాది ఇవ్వండి. సున్నం పూత నెమ్మదిగా గట్టిపడుతుంది, మొదటి రెండు వారాలు తడి గోనెపట్టాలు కప్పి నీడలో ఉంచాలి, ఎండకి వదిలేస్తే పగుళ్ళు వస్తాయి. ఆ తడపడం నాన్నగారికి అప్పగించండి. మీరు పొడిచి చూసిన దూలం చివరల ఫోటోలు ఇక్కడే పెట్టండి, ఏది కోయాలో ఏది వదలొచ్చో చెబుతాను.